పప్పుబద్దంత వరం

పూర్వం, యూదా దేశాన్ని దావీదు వంశపు భూపతులు యెరూషలేము నగరంలో సింహాసనం అధిష్ఠించి ఏలుతున్న కాలంలో, ఆ మహానగరానికి దక్షిణంగా, ఎండకు వెలిసిపోయిన సున్నపురాతి కొండల నడుమ, ఏన్‌షూవా అనే చిన్న ఊళ్ళో, యాజకుల మూలపురుషుడైన అహరోను సంతతివాడూ, ధర్మశాస్త్రాన్ని కంఠగతం చేసుకున్నవాడూ, నియమాల విషయంలో వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ జరగనివాడూ అయిన పెతహ్యా అనే యాజకుడు ఉండేవాడు. యాజకుడు అనగానే ఏ ప్రధాన యాజకుడో అనుకునేరు. రొమ్మున రత్నపతకం, నుదుట బంగారు పట్టం ధరించినవాళ్ళ కథలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఇతను వేలమందిలో ఒకడు. తన వర్గం వంతు వచ్చినప్పుడు యెరూషలేము కొండ ఎక్కి, దేవాలయంలో కట్టెలు పేర్చి, బలిపీఠం బూడిద ఎత్తిపోసి, వంతు తీరగానే నిశ్శబ్దంగా ఊరికి తిరిగివచ్చేవాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అతని పని వేరు. చూడటం, చూసి చెప్పటం, అంతే.

ఏం చూడటం, ఏం చెప్పటం అంటారేమో, ఆ సంగతి ముందు చెప్పుకుంటేనే ఈ కథ నడుస్తుంది. ఆ జనులలో ఒక వ్యాధి ఉండేది. మన వైద్యులెరిగిన కుష్ఠు కాదది, బొల్లీ కాదు. మనం దాన్ని పొడ అనుకుందాం. ఒంటిమీద తెల్లని మచ్చగా పుట్టి, అందులోని వెంట్రుకను కూడా తెల్లబరుస్తుంది. అటువంటి మచ్చ కనబడ్డ మనిషి యాజకుని ఎదుటికి వచ్చి పట్టపగలు ఎండలో నిలబడాలి. యాజకుడు చూసి "అశుచి" అన్నాడా, ఆ మనిషి బట్టలు చింపుకుని, జుట్టు విరబోసుకుని, పైపెదవి కప్పుకుని, ఎదురొచ్చేవాళ్ళు తప్పుకునేలా "అశుచిని, అశుచిని" అని కేకలు వేసుకుంటూ ఊరి వెలుపలికి వెళ్ళిపోవాలి. ఇందులో ఒక విచిత్రముంది. ఎంతటి మచ్చ ఉండనీ, ఊరంతా చూడనీ, యాజకుని నోట ఆ మాట పడేదాకా ఆ మనిషి శుచే. ఒకసారి పడ్డాక, మళ్ళీ యాజకుని నోటనే "శుచి" అన్న మాట పడేదాకా అశుచే. మచ్చను పంపేది దేవుడైనా, మనిషిని వాకిలి దాటించేది యాజకుని నోరు.

పెతహ్యా అన్న పేరుకు వాళ్ళ భాషలో "యెహోవా తెరచును" అని అర్థం. ఆ దేవుడు ఏం తెరుస్తాడో పేరు పెట్టిన తల్లిదండ్రులు చెప్పి ఉండరు. ఊరివాళ్ళు మాత్రం అతని నోరు తెరుచుకుంటుందంటే భయపడేవాళ్ళు.

ఆ ఊళ్ళో రెయూమా అనే వితంతువుకు గహము అని ఒక్కగానొక్క కొడుకు, ఉన్ని ఏకి బతికేవాడు. వాడి మెడమీద పొడ పుట్టింది. పెతహ్యా చూసి, సందేహమేమీ లేకపోవడంతో, మాట అనేశాడు. తల్లి కాళ్ళమీద పడి ఏడిస్తే, "అమ్మా, చెప్పింది నేను కాదు, శాస్త్రం. నా నోరు నాది కాదు" అని కాళ్ళు మెల్లగా విడిపించుకుని, స్నానం చేసి, ఇంటికి పోయి భోజనానికి కూర్చున్నాడు. ఊరి వెలుపల పాత రాతిగని గుహల్లో అటువంటివాళ్ళు నలుగురైదుగురు తలదాచుకునేవాళ్ళు. గహము అక్కడికి చేరాడు. ఆ తర్వాత రెయూమా ఊరి ద్వారం దగ్గర యాజకుణ్ణి ఆపి, "నాయనా, ఒక్కసారి వెళ్ళి నా బిడ్డను చూసిరారాదూ?" అని అడిగింది. "తగ్గితే కబురు రాకపోదు, వచ్చినప్పుడు వెళ్తాను" అన్నాడు. మళ్ళీ ఒకనాడు అడిగింది, మళ్ళీ అదే జవాబు. చివరికి వచ్చిన కబురు గహము పోయాడని. అశుచిగా పోయినవాడికి ఊళ్ళో ఏడుపు ఏడవకూడదు, వాడి పేరు మీద రొట్టె విరవకూడదు. ఆ ముసలిది ఏడవలేదు, పేరు ఎత్తలేదు. యాజకుడు ఎదురైతే మాత్రం పక్కకు తప్పుకునేది కాదు, నిలబడి అతని నోటివంకే చూసేది.

ఇక పెతహ్యా ఇల్లాలు సిబ్యా. ఆ పేరుకు ఆడజింక అని అర్థం. జింక కన్నులదీ, మితభాషిణీ, పతికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క వేడుకా ఆమె. సంతానం లేదు. ఆమె నవ్వితే కుడిచెంప మీద చిన్న సొట్ట పడేది, ఎడమచెంప మీద పడేది కాదు. శాస్త్రమంతా కొలతలుగా ఎరిగిన ఆ మహానుభావుడు ఇంట్లో ఎప్పుడూ ఆమెకు కుడివైపునే కూర్చునేవాడు. ఎందుకలా అని ఆమె అడిగితే, "వెలుతురు బాగుంటుంది" అనేవాడు.

ఒకనాటి ఉదయం ఆమె పొయ్యిలోంచి రొట్టె తీస్తుండగా చేతిమీది వస్త్రం పైకి జరిగి, మోచేతి కింద మచ్చ కనబడింది. పెతహ్యాకు రెండోసారి చూడాల్సిన పని లేకపోయింది. ఎన్ని మచ్చలు చూసిన కన్ను అది. మచ్చ తెలుపు, మచ్చలో వెంట్రుక తెలుపు. రొట్టె బాగా కాలిందని మెచ్చుకుని బయటికి పోయాడు.

ఆనాటినుంచి అతనికి కొత్త జబ్బు పట్టింది, చూడకపోవటం. ఆమె వాకిట్లోకి వస్తే ఇతను లోపలికి పోతాడు. మండువేసవిలో "చేతులు కప్పుకో సిబ్యా, చలిగాలి" అంటాడు. చూడకపోతే చెప్పనక్కరలేదు, చెప్పకపోతే ఆమె శుచే. ఇది అబద్ధం కూడా కాదు, అక్షరాలా శాస్త్రమే. జీవితంలో మొదటిసారి శాస్త్రం తనవైపు ఉన్నట్టు అనిపించి, ఆ పండితుడు దాని చాటున పిల్లాడిలా దాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న సామెతగా, ఎవరు దగ్గినా తన ఇంటి గురించే అనుకునేవాడు. ఊట దగ్గర సిబ్యా నీళ్ళు తోడుతుంటే ఆడవాళ్ళు ఆ మచ్చను చూడనే చూశారు. రెయూమా కూడా చూసింది.

అప్పుడు సిబ్యా తానే, ఎండ నిండుగా కాసే వేళ, ఊరి జనం వాకిట గుమిగూడి ఉండగా, చేతిమీది వస్త్రం భుజందాకా తీసి, మగని ఎదుట నిలబడింది.

"నాథా, ఎండ బాగా వచ్చింది. చూడండి."

"ఏం చూడమంటావు?" అన్నాడు పెతహ్యా, నేలచూపులు చూస్తూ.

"ఊరంతా చూసింది. మిగిలింది మీరొక్కరే."

అతను దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, ప్రాణాలు కళ్ళలో పెట్టుకుని అన్నాడు: "సిబ్యా, నేను నోరు విప్పేదాకా నువ్వు శుచివే. నేను విప్పను. ఎవరేమన్నా సరే. నా నోరు నా ఇష్టం."

"మీ నోరు మీదెప్పుడయింది? గహము నాడు శాస్త్రానిదన్నారు కదా. పరాయి బిడ్డకు శాస్త్రమూ, పెళ్ళానికి చుట్టరికమూనా? అదుగో, ఆ తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కళ్ళముందు నన్ను ఇలా నిలబెట్టకండి. మచ్చ నేను మోయగలను, ఇది మోయలేను."

పెతహ్యా తలెత్తి చూశాడు. రెయూమా అతని నోటివంకే చూస్తోంది. ఆమె ముఖంలో పగ ఉంటే బాగుండేది, దానికి జవాబు చెప్పవచ్చు. పగ లేదు. ఏం చేస్తాడో చూద్దామనే ఓపిక మాత్రం ఉంది. అప్పుడు అహరోను వంశసంజాతుడైన పెతహ్యా, తన చేతులతో తన కంఠాన్ని నొక్కుకుంటున్నట్టుగా, ఆ మాట అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే వెనకున్నవాళ్ళకు వినబడలేదు. సిబ్యాయే వెనక్కి తిరిగి, "అశుచి అన్నారు" అని వాళ్ళకు చెప్పి, పైపెదవి మీదికి వస్త్రం లాక్కుని, తన గురించి తానే కేకవేసుకుంటూ వీధిలోకి నడిచింది. గొంతు బాగా సాగలేదు పాపం, ఆమెకు కేకలు వేసే అలవాటు లేదు.

ఇక్కడినుంచి చెప్పాలంటే నాకే బాధగా ఉంటుంది. ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. అతను వండుకున్నదీ తిన్నదీ తక్కువ. ప్రతివారం, విశ్రాంతిదినం మరునాడు, రాతిగని ఎదుటి గట్టెక్కి, గుహ వాకిట ఎండలో నిలబడ్డ భార్యను దూరంనుంచి చూసేవాడు. చూసి, చేతులు ఆకాశానికెత్తి, "సర్వలోకాధిపతీ, కరుణాసముద్రుడా, నా పితరుల దేవా, ఆ పొడను వెనక్కి తీసుకో" అని మొరపెట్టేవాడు. మరుసటివారానికి మోచేతి మచ్చ భుజానికి పాకింది. "పోనీ, చేతుల దగ్గరే ఆపు" అన్నాడు. వీపుకు పాకింది. "పోనీ, ముఖం వదిలిపెట్టు" అన్నాడు. మెడ దాటి గడ్డం ఎక్కింది, నుదురు పట్టింది. అడిగేవాడు దిగుతూ పోయాడు, ఇచ్చేవాడు దిగిరాలేదు. ఇక బేరమాడటానికి ఏమీ మిగలక, ఆ అభాగ్యుడు ఒకనాడు గట్టుమీద బోర్లాపడి, మట్టి కరుచుకుని ఇలా వేడుకున్నాడు.

"ప్రభూ, అంతా తీసుకో. ఆ కుడిచెంప మీద, నవ్వితే సొట్ట పడే చోటుంది కదా. పప్పుబద్దంత. అదొక్కటి నాకు వదిలిపెట్టు. నీకది ఏమూలకు?"

పొడ ఆమె ఒళ్ళంతా కప్పింది, పెదవులు కప్పింది, చెవులు కప్పింది, ఎడమచెంప కప్పింది. కుడిచెంప మీద పప్పుబద్దంత చోటు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆ గోధుమరంగు చోటును ఎండలో చూసిన రోజున పెతహ్యా సంతోషం పట్టలేక ఏడ్చాడు. దేవుడు విన్నాడనుకున్నాడు. ఈ అంచునుంచే ఇక ఆరోగ్యం మొదలై తిరిగి పాకుతుందనుకున్నాడు. వానలు వచ్చాయి, పోయాయి. బార్లీ కోతలు వచ్చాయి, పోయాయి. పప్పుబద్ద పెరగలేదు, తరగలేదు. ఆమె అప్పటికి నవ్వడం మానేసి చాలాకాలమైంది కాబట్టి ఆ చోట సొట్ట పడే సందర్భమూ లేదు.

అప్పుడతని మనసు విరిగిపోయింది. గట్టుకు పోవడం మానేశాడు, చూసి భరించలేక. జనాన్ని దీవించడానికి చేతులెత్తాల్సిన వేళల్లో చేతులు ఎత్తలేక, "భుజం నొప్పి" అనేవాడు. ప్రార్థన అడుగంటిపోయింది. "పప్పుబద్ద ఇచ్చి పొమ్మన్నాడు" అని తనలో తాను గొణుక్కునేవాడు. నాస్తికుడై ఉంటే కొంత సుఖపడేవాడేమో. దేవుడున్నాడనీ, వింటున్నాడనీ, విని కూడా ఊరుకున్నాడనీ నమ్మినవాడి దుఃఖానికి మందు లేదు.

అలా ఉండగా అతని వర్గం వంతు వచ్చింది. యెరూషలేము వెళ్ళాడు. అక్కడ ధూపం వేసే సేవకు చీట్లు వేస్తారు. ఒక యాజకుడికి జన్మలో ఒక్కసారి దొరికితే దొరికినట్టు, దొరకనివాళ్ళే ఎక్కువ. దాని కోసం యౌవనంలో ఉపవాసాలున్న పెతహ్యాకు, ఇప్పుడు ఏ కోరికా లేని వేళ, ఆ చీటీ పడింది. తోటివాళ్ళు కౌగిలించుకున్నారు. అతను నిప్పుకణికల పాత్ర పట్టుకుని, శవంలా, పరిశుద్ధ స్థలంలోకి నడిచాడు.

బంగారు దీపస్తంభం, దేవుని సన్నిధిని మరుగుపరిచే తెర, తెర ముందు ధూపవేదిక. సాంబ్రాణి చేతిలో ఉంది. వేయలేదు, నిలబడిపోయాడు.

మన పురాణాల్లో అయితే ఇక్కడ దేవుడు శంఖచక్రాలతో ప్రత్యక్షమై చిరునవ్వు నవ్వాలి. హెబ్రీయుల దేవుడికి రూపం లేదు, అందువల్ల చిరునవ్వూ లేదు. గొంతు ఒక్కటే ఉంది. అది తెర వెనకనుంచి వచ్చిందో, అతని పక్కటెముకల్లోంచి వచ్చిందో అతనికి తెలియలేదు.

"పెతహ్యా! అహరోను కుమారుడా! ధూపం ఎందుకు వేయవు?"

పెతహ్యా సాష్టాంగపడవలసినవాడు, పడలేదు. "సర్వశక్తిమంతుడా! సమస్త శరీరుల ఆత్మలకు దేవుడవైనవాడా! నా ఇంటి దీపాన్ని నా నోటితోనే ఊదించావు. సరే, నీ శాస్త్రం అన్నాను, ఊదాను. తర్వాత నీ ఎదుట ఒళ్ళంతా మట్టి పూసుకుని ఏడ్చాను. ముఖమంతా అడిగితే ముఖం పోయింది. ఏ పాపానికి ఇది? నా పాపమైతే నా ఒంటిమీద రాయకపోయావా? ఆమె ఏం చేసింది?"

"నీవు చివర అడిగినది నేను ఇచ్చాను."

"ఇచ్చావు. ఆకలిగొన్నవాడికి ఒక్క మెతుకు."

"ఆ మెతుకును నేనెలా కాచుకుని ఉన్నానో నీకు తెలియదు. పొడ దానిమీదికి రాబోయినప్పుడల్లా నా చెయ్యి అడ్డం పెడుతున్నాను, నీవు అడిగావు కాబట్టి. ఆమె ఇంటికి రావడానికి నేనొక ద్వారం ఏనాడో పెట్టాను. ఆ ద్వారానికి అడ్డంగా నీవొక పప్పుబద్ద పెట్టి, దాన్ని కదపవద్దని నాకే మొక్కావు."

"ఏ ద్వారం ప్రభూ?"

"చిన్ననాటినుంచి నీ నోట్లోనే ఉంది. పారాయణం చేసుకో."

గొంతు మరి పలకలేదు. అతను ధూపం వేశాడో లేదో గుర్తులేకుండా బయటికి వచ్చి, ప్రాకారపు గోడకు ఆనుకుని, పొడను గురించిన శాస్త్రమంతా మొదటినుంచి, పసివాడు తండ్రి ఎదుట అప్పచెప్పినట్టు, మాట మాటా విడదీసి పలకసాగాడు. మచ్చ చర్మం కంటె లోతుగా ఉంటే. వెంట్రుక తెల్లబడితే. వ్యాపిస్తే. అలా పలుకుతూ పలుకుతూ ఒక చోటికి వచ్చాడు. ఆ చోటును అతను ఎప్పుడూ ముందుదానితో కలిపి ఒక్క ఊపిరిలో మింగేసేవాడు, ఎందుకంటే అటువంటి మనిషిని అతను చూడలేదు, తండ్రి చూడలేదు, తాత చూడలేదు. ఉప్పు తక్కువైన కూరలో మెతుకు మింగినట్టు మింగేసిన ఆ వాక్యం భావమేమిటంటే, పొడ నెత్తినుంచి పాదాలదాకా మనిషిని పూర్తిగా కప్పివేసి, యాజకుడు చూసినంతమేరా అంతా తెల్లనైపోయి ఉంటే, ఆ మనిషి శుచి. ఎక్కడైనా కొంచెం మామూలు చర్మం కనబడితే మాత్రం అశుచి.

అవును, మీరు చదివింది సరిగ్గానే ఉంది. సగం పొడ ఉన్నవాడు అశుచి, నిలువెల్లా పొడ ఉన్నవాడు శుచి. దీనికి పండితులు రకరకాల అర్థాలు చెబుతారు. దాచుకోవడానికి ఇంకేమీ మిగలని మనిషిని దాచిపెట్టడంలో న్యాయం లేదని కాబోలు అని నాకనిపిస్తుంది. నిజం నాకూ తెలియదు. పెతహ్యాకూ తెలియలేదు. అతనికి తెలిసిందల్లా, ఆ పప్పుబద్దంత చోటు లేకపోతే తన భార్య వానలకు ముందే ఇంట్లో ఉండేదని. ఆ క్షణాన అతనికి భార్య ఒక్కతే గుర్తుకొచ్చింది. మరొకరు గుర్తుకు రాలేదు.

వంతు తీరీ తీరకుండానే కొండలు దిగి, ఊళ్ళోకి కూడా పోకుండా నేరుగా రాతిగని గట్టెక్కి, ఆమెను పిలిచి, జరిగిందంతా చెప్పాడు. తన ప్రార్థన సంగతి ఆమెకు తెలియడం అదే మొదటిసారి.

"నా చెంపను అడిగారా? నన్నడక్కుండానే?"

"నీ కోసమే కదా!"

"నా కోసమా? గుహలో నాకు అద్దం ఉందా, నా చెంప నేను చూసుకోవడానికి? మీ కళ్ళకోసం అడిగారు. ఇంటికి రావాలని అడిగితే చాలదా? తెల్లగా వస్తే ఏం, నల్లగా వస్తే ఏం? రాత్రిళ్ళు చలికి ఒణుకుతూ నేనడిగింది గుమ్మాన్ని. మీరడిగింది అందాన్ని." ఆ మితభాషిణి అంత కోపంగా మాట్లాడటం అతను ఎన్నడూ వినలేదు. ఆమె గొంతు అంతలోనే తగ్గింది. "సరే. మీరడిగారు, ఆయన ఇచ్చాడు. తీసుకోమని కూడా మీరే అడగాలి. అడగండి. నేనిక్కడే నిలబడతాను."

"సిబ్యా, నా వల్ల కాదు."

"గహమును పంపడం అయింది, నన్ను పంపడం అయింది. ఇది కాదా?"

అప్పుడు పెతహ్యా, ఎండ నిండుగా కాస్తుండగా, భార్య కుడిచెంప మీదినుంచి చూపు మరల్చకుండా, నొప్పి అని అబద్ధమాడిన భుజాలు పైకెత్తి, "ప్రభూ, నేనిచ్చినది కాకపోయినా నాదని పట్టుకున్నాను. నీ చెయ్యి తీసెయ్యి" అన్నాడు. అంటూ ఉండగానే ఆ గోధుమరంగు బద్ద అంచులు పలచబడి, నానిన పప్పు పొట్టు ఊడినట్టు, తెల్లనైపోయింది. ఏ చెంప ఏ చెంపో తెలియకుండా పోయింది. లోకంలో తనకంటూ ఉన్న వేడుక కళ్ళముందు ఆరిపోవడం చూసి, ఆ మనిషి దిక్కులు పిక్కటిల్లేలా ఏడ్చాడు. ఏడుస్తూనే యాజకుడు చూడవలసినట్టు నుదురునుంచి పాదాలదాకా చూసి, ఏడుస్తూనే "శుచి" అన్నాడు.

"ఇప్పుడెటు కూర్చుంటారు?" అని సిబ్యా నవ్వింది. ఏడుపులాంటి నవ్వే, అయినా నవ్వే. తెల్లని కుడిచెంప మీద సొట్ట, ఎప్పటి చోటే, పడింది. పొడ రంగును తీసుకుంది కానీ దాన్ని తీసుకోలేకపోయింది.

ఇంత జరిగినా ఇల్లు చేరడం వెంటనే కాలేదు. ఊట నీళ్ళు మట్టిపాత్రలో పట్టి, దానిమీద ఒక పిట్టను వధించి, రెండవ పిట్టను ఆ నీళ్ళలో ముంచి పొలంవైపు వదిలిపెట్టాలి. అది ఎగిరిపోయాక ఆమె తల, కనుబొమలతో సహా, నున్నగా గొరిగించుకుని, బట్టలు ఉతుక్కుని, ఏడు రోజుల గడువంతా ఇంటి వెలుపలే గడపాలి. అన్నీ చేశారు. గడువు తీరాక సిబ్యా తలమీద వెంట్రుక లేకుండా, సున్నం కొట్టిన గోడలా, పగటివేళ నడివీధిలో నడిచి తన గుమ్మం ఎక్కింది. జనం తలుపుల సందులోంచి చూశారు. యాజకుడు శుచి అన్నాడు, కాదనే హక్కు ఎవరికీ లేదు. పలకరించే ధైర్యమూ ఎవరికీ లేదు. ఆమె పిండి పిసికి, పొయ్యి అంటించి, రొట్టె కాల్చింది. ఆ రొట్టె తినడానికి ఎవరూ రాలేదు.

సాయంత్రం కాకముందే రెయూమా వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, సిబ్యాను కాళ్ళనుంచి తలదాకా చూసింది. తర్వాత ఎప్పటిలాగే యాజకుని నోటివంక చూసింది.

"నాయనా, ఒక మాట అడుగుతాను. ఒళ్ళంతా ఇలా అయిపోతే శుచి అనా శాస్త్రం?"

"అవునమ్మా."

"మరి నా బిడ్డ ఒళ్ళు? చివరికి ఎలా అయింది? నువ్వు వెళ్ళి చూశావా?"

పెతహ్యా నోరు తెరిచాడు. యెహోవా తెరచును అని పేరు పెట్టుకున్న నోరు. దేవాలయంలో, గట్టుమీద, ఇన్నాళ్ళ ఏడుపుల్లో ఒక్కసారి కూడా తనకు గుర్తుకు రానివాడు ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డట్టయింది. "చూడలేదు" అన్నాడు చివరికి.

"నేనడిగాను. రెండుసార్లు అడిగాను."

"అడిగావమ్మా."

అప్పుడు సిబ్యా లోపలినుంచి వచ్చింది. ఆమె ఈ సంగతి గుహలో చేరిన కొత్తలోనే విని, మగడికి చెబితే బతకడని ఇంతకాలం మింగి ఉంచింది. "అత్తా, అక్కడి ముసలివాళ్ళు నాకు చెప్పారు. చివరి శీతాకాలంలో గహము ఒంటిమీద ఇంతైనా మామూలు చర్మం మిగలలేదట. గోళ్ళ మొదళ్ళదాకా తెలుపేనట. అంతా అయిపోయిందని వాళ్ళు ఏడిస్తే, వాడు మాత్రం గుహ వాకిట ఊరివైపు తిరిగి కూర్చుని, యాజకుడు వస్తాడు, ఒక్కసారి వచ్చి చూస్తాడు అని అంటూ ఉండేవాడట. అలా కూర్చునే పోయాడట."

పెతహ్యా గోడకు జారి నేలమీద కూలబడ్డాడు. వెళ్ళి ఉంటే ఒక్క మాట. ఒక్క మాటకు ఆ బిడ్డ ఇంటికి వచ్చి ఉండేవాడు. తల బాదుకుంటున్న అతన్ని చూసి రెయూమా విసుక్కుంది.

"ఏడుపు నాది, నువ్వు ఏడవకు. లే. చెప్పు."

"ఏం చెప్పనమ్మా?"

"నా బిడ్డ ఏమిటో చెప్పు."

"చూడకుండా చెప్పకూడదు తల్లీ. శాస్త్రం..."

"చూడవలసిన నాడు చూడలేదు. చెప్పవలసిన నాడైనా చెప్పు. చూసినవాళ్ళు చూశారు, నీ పెళ్ళాం సాక్ష్యం ఉంది. నీ నోట పడేదాకా వాడు అశుచే కదా, మట్టిలో కూడా? మట్టిలోనైనా వాణ్ణి అలా ఉంచకు."

నియమాల విషయంలో వెంట్రుకవాసి జరగని పెతహ్యా అప్పుడు జరిగాడు. అది శాస్త్రసమ్మతమో కాదో వాదించదలచినవాళ్ళు వాదించుకోండి, నేను అతని పక్షం. అతను లేచి, ఇద్దరు స్త్రీలూ వెంట రాగా, ఊరి ద్వారం దాటి, శవాల చోటికి యాజకుడు పోరాదు కాబట్టి దూరంగా గట్టుమీద నిలబడి, రాతిగని గుహలవైపు ముఖం పెట్టాడు. ఎండ ఇంకా ఉంది, తీర్పు చెప్పడానికి చాలినంత. మొదటిసారి తన ఇంటిదాని విషయంలో గుసగుసగా అన్న గొంతును ఈసారి ఎత్తి, గుహలోనివాళ్ళకు, ఊళ్ళోవాళ్ళకు, తెర వెనకున్నవాడికి కూడా వినబడేటట్టు అన్నాడు.

"రెయూమా కొడుకు గహము, శుచి."

కొండలు ఆ మాటను ఒకసారి తిరిగి పలికాయి. పైనుంచి ఏ గొంతూ అడ్డు చెప్పలేదు. రెయూమా ఇన్నేళ్ళుగా మూసి ఉంచిన నోరు తెరిచి, "గహమూ! నాయనా గహమూ!" అని కొడుకును పేరుపెట్టి పిలుస్తూ, ఎండిన కట్టె విరిగినట్టు విరిగి, ఏడ్చింది. ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలుపులు తీసుకుని వచ్చి ఆమె చుట్టూ చేరి ఏడ్చారు. తర్వాత ఆమె పెతహ్యా ఇంటికి నడిచి, గుమ్మం దాటి లోపలికి వచ్చి, సిబ్యా తెల్లని చేతులతో కాల్చిన రొట్టెను కొడుకు పేరుమీద విరిచి, ముందు తాను తిని, మిగిలింది అందరికీ పంచింది. అందరూ తిన్నారు. పెతహ్యా మాత్రం తన ముక్కను చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఆనాటినుంచి బతికినంతకాలం అతను ఎవరూ పిలవకపోయినా ప్రతివారం రాతిగనికి పోయి, అక్కడున్న ప్రతి ఒక్కరినీ ఎండలో నిలబెట్టి, నుదురునుంచి పాదాలదాకా చూసి వచ్చేవాడు. ఈ కథ విన్నవాళ్ళకు ధనమూ ధాన్యమూ కలుగుతాయని నేను చెప్పలేను. కోరుకునేటప్పుడు ఎవరి కోసం కోరుతున్నారో తెలియుగాక. తమ మాటతో వాకిలి దాటినవాళ్ళెవరైనా ఉంటే, పొద్దు ఉండగానే వెళ్ళి చూసివచ్చే బుద్ధి పుట్టుగాక.